కట్టు అంచున సిరా గీత

ఎస్సై ఉపేందర్‌కు నేనంటే పడదు. నాకూ అతనంటే పడదు. మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయం ఇదొక్కటే. నేను స్టేషన్‌లో అడుగుపెట్టగానే కుర్చీలోంచి లేవకుండా, "రాండ్రి శ్యామలాదేవి మేడమ్. మీ ఆంధ్రా అల్లుడు పంపిండా?" అన్నాడు. నేను ఉప్పల్ వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. కానీ సకల జనుల సమ్మె మొన్న మొన్ననే ముగిసింది, ఈ రోజుల్లో ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది? పంపింది అల్లుడు కాదు, పిల్ల తల్లి అని చెప్పి, కూర్చోమనకుండానే ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

ఆ తల్లి పేరు వెంకటనర్సమ్మ. రింగురోడ్డు దగ్గర జిరాక్సు షాపు మీద డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు పెట్టుకున్నాను గానీ, నా దగ్గరికొచ్చేవి నూటికి తొంభై పెళ్ళి సంబంధాల వాకబులే. ఈమె కూడా కొడుక్కు పిల్లను చూసే బాపతు అనుకున్నాను. చెప్పులు మెట్ల దగ్గరే వదిలి, లోపలికొచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నిలబడే చెప్పింది. "ఆయన కాలు పోతున్నది. నా బిడ్డ జైలుకు పోతున్నది. ఇద్దర్ల ఒక్కలనన్న నాకు మిగులగొట్టమ్మా." ఏడవలేదు. ఏడ్చుంటే నేనే ఏదో ఒక సాకు చెప్పి పంపించేసేదాన్నేమో.

ఆయన మొగిలయ్య. నాచారంలో పాత వంటమనిషి. దావత్ ఎక్కడైనా మాంసం మొగిలయ్యే వండాలనేవారట. షుగరొచ్చింది, అరికాల్లో పుండు లేచింది, ఏడాదైనా మానలేదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో గాయాలకు వేసే కట్లు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటుంది. వాళ్ళు కొత్త రకం కట్టు కనిపెట్టి, మొండి పుండ్లున్న వాళ్ళకు ఉచితంగా వేసి చూస్తున్నారు. మూడు రోజులకోసారి కంపెనీ నర్సు ఇంటికే వచ్చి పాత కట్టు విప్పి, కొత్తది అంటించి, విప్పినదాన్ని కవర్లో పెట్టి ఆఫీసు ఫ్రిజ్‌కు చేరుస్తుంది. ఆ నర్సు పేరు కావ్య. ఆమె మొగిలయ్య కన్నకూతురని కంపెనీకి తెలియదు.

కూతురే అయినా ఆ ఇంటికి కూతురు కాదు. నాలుగేళ్ళ కిందట కావ్య బుచ్చిబాబు అనే గోదావరి జిల్లా కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. మొగిలయ్య కులపోళ్ళందరినీ పిలిచి, బతికున్న బిడ్డకు దినం చేసి, నీళ్ళు వదిలాడు. ఆ తర్వాత నాగారంలో కాపురముంటున్న కావ్య ఆ గల్లీ మొహం చూడలేదు. పుండు సంగతి తల్లి ఫోనులో చెప్పుకుని ఏడిస్తే, తండ్రి పేరు తనే కంపెనీలో రాయించి, నర్సుగా గడప తొక్కింది. మొగిలయ్య ఆమెను చూశాడు. పొమ్మనలేదు. రమ్మనలేదు. కాలు చాపాడు.

కట్టు బాగానే పనిచేసింది. సమ్మెలో బస్సులు ఆగిపోయాయి, కావ్య నాగారం నుంచి రాలేకపోయింది. కంపెనీ బాలరాజు అనే ఇంకో నర్సును బండి మీద పంపింది. ఆ రోజుల్లో పుండు రూపాయి బిళ్ళంతకు తగ్గింది. సమ్మె ముగిసి కావ్య మళ్ళీ రావడం మొదలుపెట్టిందో లేదో, పుండు తిరగబడి అరచేయంతయి, ఎముక కనబడింది. తమ కట్టుకు ఎక్కడ చెడ్డపేరొస్తుందోనని కంపెనీ వాళ్ళు ఫ్రిజ్‌లోని కట్లను హబ్సిగూడలో ల్యాబ్ నడిపే రాజశ్రీకి పంపారు. బయటి పదార్థమేదో పుండులో పెట్టారని ఆమె తేల్చింది. కంపెనీ వెంటనే కావ్య మీద ఫిర్యాదు ఇచ్చి చేతులు దులుపుకుంది. ఈలోగా మొగిలయ్యకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరాడు. ఈ సాయంత్రం మోకాలి పైదాకా కాలు తీసేస్తారు. రేపు కావ్యను కోర్టులో పెడతారు.

ఉపేందర్ వాదన కొట్టిపారేయడానికి లేకుండా ఉంది, అదే నాకు ఒళ్ళుమంట. "ఆమె రాకుంటె మానింది. ఆమె వస్తె లేసింది. కట్టు విప్పేది ఆమె, ఏసేది ఆమె. అయ్య నీళ్ళిడిసిండని కక్ష. ఇంకేం గావాలె మేడమ్?" అన్నాడు. కక్ష ఉన్నదైతే ఆ ముసలాయన పేరు కంపెనీలో తనే ఎందుకు రాయిస్తుందని అడిగాను. లోపలికి పోవడానికి ఇంకో దారి లేదు గనక అన్నాడు. ఈ మనిషి మొండివాడే గానీ మొద్దు కాడు. ఆ సంగతి నేను సాయంత్రం దాకా గుర్తుంచుకుని ఉంటే బాగుండేది.

అతని ముందే రాజశ్రీకి ఫోన్ చేశాను. రాజశ్రీ నాకు పాత స్నేహితురాలు, అడిగితే అరటిపండు ఒలిచినట్టు చెబుతుంది. పుండులో చచ్చిన కండను కత్తిరించి పారేయడానికి ఒంట్లోనే కొన్ని ఎంజైములుంటాయట. మొండి పుండులో అవి మితిమీరి, కొత్తగా పుట్టే కండను కూడా కత్తిరించేస్తాయి. అవి పని చేయాలంటే వాటికి జింకు కావాలి. ఈ కొత్త కట్టు పుండు నీరును పీల్చుకుంటూ ఆ జింకును కూడా లాగేస్తుంది, దాంతో ఎంజైములు చేతులు ముడుచుకుంటాయి. రాజశ్రీ మొగిలయ్య కట్లు పీల్చిన నీటిలోంచి జింకు మొత్తం తీసేసి చూసింది. అయినా ఆ నీటిలో వేసిన మాంసం ముక్క కరుగుతూనే ఉంది.

"అంటే అది ఒంట్లోది కాదు శ్యామలా. జింకుతో పనిలేనిది. నన్నడిగితే బొప్పాయి పాలు, మాంసం తొందరగా మెత్తబడటానికి పచ్చికాయ నుంచి తీసి కలుపుతారే, అవి. దాన్ని ఈ కట్టు ఆపలేదు. ఆపకపోగా, పైన కప్పి తడి ఆరకుండా చూస్తుంది, అది లోపల మూడు రోజులూ హాయిగా పని చేసుకుంటుంది."

ఉపేందర్ అంతా విని, కంపెనీలో మందు సీసాలకు కొదవా అన్నాడు. నేను అడిగింది ఒక్కటే, కావ్యతో మాట్లాడనివ్వమని. పావుగంట ఇచ్చాడు, అదీ ఏదో జాగీరు రాసిచ్చినట్టు మొహం పెట్టి.

కావ్య సన్నగా, పొడుగ్గా ఉంది. కంపెనీ నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. నేను ఎవరో, ఎవరు పంపారో చెప్పాను. తల్లి పేరు వినగానే కోటు కాలరు సర్దుకుంది. అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. ముందు చేతులు కడుక్కోవాలి. విప్పకముందు కంపెనీ ఫోనుతో కాలు ఫోటో తీయాలి, విప్పాక పుండు ఫోటో తీయాలి. సెలైనుతో కడగాలి. కొత్త కట్టు అంటించాక, మధ్యలో ఎవరూ విప్పకుండా, సగం కట్టు మీదా సగం చర్మం మీదా వచ్చేలా ఆ రోజు తేదీని సిరా పెన్నుతో రాయాలి. అది కంపెనీ పెట్టిన నియమమట.

నాకు ప్రాణం లేచొచ్చింది. మధ్యలో ఎవరైనా అంచు ఎత్తి మళ్ళీ అతికిస్తే ఆ సిరా గీతలు కలవవు కదా అన్నాను. కావ్య తలొంచుకుని గోళ్ళు చూసుకుంది. "కలిసే ఉండె మేడమ్," అంది. అలిసిపోయిందిలే అనుకున్నాను. తండ్రి ఏమైనా మాట్లాడేవాడా అని అడిగితే మాత్రం మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. మొదట్లో ఏం మాట్లాడేవాడు కాదట. తర్వాత తర్వాత భార్యతో, 'ఆ నర్సుకు చాయ్ ఇయ్యి' అనేవాడట. ఆమె అక్కడే ఉన్నా మాట మాత్రం తల్లికి చెప్పినట్టే చెప్పేవాడట.

స్టేషన్ నుంచి తిన్నగా నాచారం పోయాను. వెంకటనర్సమ్మ తాళం తీసింది. రెండు గదుల ఇల్లు. గల్లీ మొత్తం చుట్టాలే అనుకుంటా, నేను ఆటో దిగి లోపలికి పోయేలోపు నాలుగు గుమ్మాల్లో నలుగురు నిలబడి చూశారు. ఇంత కాపలాలో ఆ పిల్ల నర్సు కోటు లేకుండా ఈ గడప ఎలా తొక్కుతుంది?

ముందు వంటగది చూశాను. మాంసం మెత్తబడటానికి హోటళ్ళలో వాడే పొడులేమైనా ఉన్నాయేమోనని డబ్బాలన్నీ మూతలు తీసి చూశాను. ఏమీ లేవు. ఈయన మంచం పట్టినప్పటి నుంచి ఇంట్లో మాంసమే వండలేదంది ఆమె. కూతురు వచ్చే రోజుల్లో ఇంట్లో ఏం జరిగేదో మొదటి నుంచి చెప్పమన్నాను. పొద్దున్నే లేచి గడ్డం గీక్కునేవాడట. ఉతికిన బనీను వేసుకునేవాడట. చాయ్‌లో పాలు ఎక్కువ పొయ్యమనేవాడట. ఇలాంటివే చెప్పుకుంటూ పోతూ, మధ్యలో మామూలుగా ఒక మాట అంది. సమ్మె అయినంక అగ్గిపెట్టె తెప్పించుకున్నడు, బీడీ మళ్ళ షురు జేసిండేమోనని కొట్లాడిన, కానీ ఒక్కనాడు బీడీ వాసన రాలేదు అని.

ఆ మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అగ్గిపెట్టె ఎక్కడుందని అడిగితే ఆమెకు తెలియదంది.

మొగిలయ్య మంచం కిటికీని ఆనుకుని ఉంది. నేను వెళ్ళి ఆ మంచం మీద అతను కూర్చునే చోటే కూర్చున్నాను. కిటికీ అవతల, గోడకూ ప్రహరీకీ మధ్య ఉన్న ఇరుకులో బొప్పాయి చెట్టు. పెద్ద చెట్టేం కాదు, కాయలు సరిగ్గా కిటికీ ఎత్తున గుత్తిగా ఉన్నాయి. చువ్వల మధ్య నుంచి చేయి చాపాను, అందాయి. నా వైపున్న పచ్చికాయల మీద నిలువుగా సన్నటి గాట్లు, ఒక్కో గాటు వెంట తెల్లగా కారి ఎండిపోయిన చారిక. లేచి బయటికెళ్ళి చెట్టు చుట్టూ తిరిగాను. వీధి వైపు కాయలకు ఒక్క గాటు లేదు. నేల మీద నిలబడ్డవాడికి అందేవి ఆ వీధి వైపువే. గాట్లన్నీ మంచం మీది మనిషి చేతికందే మేరకే ఉన్నాయి.

పిట్టలు పొడిచాయేమో అంది వెంకటనర్సమ్మ. మళ్ళీ లోపలికొచ్చి కిటికీ చట్రం పొడుగునా వేలితో తడిమాను. గోడకూ చెక్కకూ మధ్య సందులో సగానికి విరిచిన గడ్డం బ్లేడు దొరికింది, దాని అంచున జిగురు ఎండి గట్టిపడి ఉంది. దాని కింద అగ్గిపెట్టె. లోపల పుల్లల్లేవు. పటిక నలిపినట్టు తెల్లటి పొడి, ఎండబెట్టిన బొప్పాయి పాలే, అడుగున కొంచెం మిగిలి ఉంది.

"ఏందమ్మా అది?" అంది ఆమె. నీ బిడ్డను మిగిల్చే దారి దొరికింది అని మాత్రం చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అప్పుడైనా నేను కాస్త నెమ్మదించాల్సింది. గెలిచానన్న పొగరు మనిషిని నిలవనివ్వదు కదా. వెంటనే ఉపేందర్‌కు ఫోన్ చేసి, కావ్యను తీసుకుని ఆసుపత్రికి రమ్మన్నాను. "మొగిలయ్య వాంగ్మూలం ఇస్తాడు. మీ కేసుకు కూడా దినం పెట్టుకోవచ్చు," అన్నాను.

ఆసుపత్రి నాచారంలోనే, మూడంతస్తుల ప్రైవేటు దవాఖానా. డాక్టరు నన్ను వరండాలోనే ఆపి, విషం రక్తంలోకి పాకిందనీ, కాలు తీసినా మనిషి దక్కుతాడని చెప్పలేననీ, మాట్లాడేదేదో తొందరగా మాట్లాడుకోమనీ అన్నాడు. మొగిలయ్య మంచం మీద ఒణుకుతున్నాడు గానీ స్పృహలోనే ఉన్నాడు. కాలి కట్టును నడుమ కత్తిరించి చూసి మళ్ళీ గుడ్డ చుట్టారు, అంచులు మాత్రం చర్మానికి అంటుకునే ఉన్నాయి. వంగి చూశాను. కావ్య చేతిరాత. తేదీలో సగం అంకెలు చర్మం మీద ఉన్నాయి, తక్కిన సగం కట్టు మీద వేలెడు పక్కకు జరిగిపోయి ఉన్నాయి.

ఉపేందర్ వచ్చాడు. కావ్యను లేడీ కానిస్టేబుల్‌తో బయట వరండాలో, నాతోపాటు వచ్చిన తల్లి పక్కన కూర్చోబెట్టాడు. నేను అగ్గిపెట్టె తీసి మొగిలయ్య దుప్పటి మీద పెట్టాను. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, యూనిఫాంలో ఉన్న ఉపేందర్‌ను చూశాడు.

"పెట్టింది నేనే," అన్నాడు. "బిడ్డను పట్కపోయిన్రంట గద. ఇడిసిపెట్టున్రి. ఆమెకేం తెల్వది."

ఎందుకని అడిగాడు ఉపేందర్. పోలీసు గొంతుతోనే అడిగాడు గానీ, సమాధానం వింటున్నకొద్దీ అతని పెన్ను ఆగిపోయింది.

"సమ్మె అయినంక వచ్చింది సారు. కాలు జూసి మస్తు ఖుషీ అయింది. ఇంకో రెండు కట్లు, గంతే, ఇగ నేను వచ్చే పనే లేదు అన్నది. నవ్వుకుంట జెప్పింది. ఆమె పోయినంక నాకు బుక్క దిగలే."

కూతుర్ని ఊరికే ఇంటికి పిలవొచ్చు కదయ్యా అని నేను అన్నాను. అనకుండా ఉండలేకపోయాను, అంత కోపమొచ్చింది. ఆ కోపం అతని మీదో, ఆ గల్లీలో గుమ్మాలు పట్టుకుని నిలబడ్డ వాళ్ళ మీదో నాకే తెలియలేదు.

"ఎట్ల పిలుస్తమ్మా? నలుగుట్ల నీళ్ళిడిసిన. సచ్చిపోయిన బిడ్డ కడప దొక్కుతదా? నర్సు అయితె దొక్కొచ్చు, ఎవ్వలేమనరు." దుప్పటి మీది అగ్గిపెట్టెను వేలితో పక్కకు జరిపాడు. "ముదురు మాంసానికి ఎంత పాలు బడ్తదో నాకెర్క. గోరంతనే పెట్టిన. పెరగొద్దు, మానొద్దు, గట్లనే ఉంటె సాలనుకున్న. కాలు మొద్దుబారింది గద, లోపల ఎంత తిన్నదో నొప్పి తెల్వలే."

నలభై ఏళ్ళు మాంసం వండిన మనిషి, తన కాలును కూడా పొయ్యి మీది గిన్నె లెక్కనే చూసుకున్నాడు. గిన్నె అయితే మూత తీసి చూడొచ్చు, ఉడికిందనిపిస్తే దించొచ్చు. ఇక్కడ మూత మీద కూతురి చేతిరాత ఉంది, దాన్ని చెడగొట్టకూడదని మూల నుంచి కొంచెం ఎత్తి, పొడి చల్లి, మళ్ళీ అతికించేవాడు. ఉపేందర్ అదంతా రాసుకుని వేలిముద్ర తీసుకున్నాడు. స్ట్రెచర్ వచ్చింది.

వరండాలో కావ్య లేచి నిలబడింది. స్ట్రెచర్ ఆమె పక్కకు రాగానే మొగిలయ్య చేయి ఎత్తి ఆగమన్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి అనుకుంటాను, మధ్యలో తల్లిని పెట్టుకోకుండా నేరుగా ఆమె మొహంలోకి చూశాడు.

"చాయ్ తాగినవా?" అన్నాడు.

ఆమె తాగానన్నట్టు తలూపింది. తాగలేదు, పొద్దున స్టేషన్‌లో ఆమె ముందు గ్లాసు అలాగే చల్లారిపోవడం నేను చూశాను. థియేటరు తలుపులు మూసుకున్నాయి.

నేను ఉపేందర్ వైపు తిరిగాను. మాట తూలడానికి ఇంతకంటే మంచి సమయం నాకు దొరకదనుకున్నానేమో, గడగడా చెప్పేశాను. చెట్టు గాట్లు చెప్పాను. బ్లేడు చెప్పాను. అన్నిటికంటే గొప్ప సాక్ష్యం మీ కళ్ళ ముందే ఉండింది, కట్టు మీద సిరా గీతలు కలవలేదు, మధ్యలో ముసలాయనే ఎత్తాడని దానికంటే రుజువేం కావాలి అన్నాను. ఈ కట్టు వేసిన పూటే మీరు కావ్యను స్టేషన్‌కు పట్టుకుపోయారు, ఆ తర్వాత ఎత్తింది ఆమె కాదు అన్నాను. ఉపేందర్ అంతా విని, జేబులోంచి ఒక ఫోను తీశాడు. కంపెనీ ఫోను. కావ్య దగ్గర స్వాధీనం చేసుకున్నది.

"మేము విప్పినంక తీసిన ఫోటోలే చూసినం, పుండు ఎంతయిందోనని," అంటూ ఒక్కో ఫోటో జరిపాడు. "విప్పకముందు తీసినవి ఎవ్వలు చూడలే. గిప్పుడు మీరు చెప్పబట్టి చూస్తున్న."

ఫోను నా ముందు పట్టాడు. సమ్మె తర్వాతి మొదటి ఫోటోలో తేదీ అంకెలు తిన్నగా కలిసి ఉన్నాయి. దాని తర్వాతి ఫోటోలో కట్టు మీది సగం పక్కకు జరిగి ఉంది. ఆ తర్వాతిదాంట్లో ఇంకాస్త. ఇక అక్కణ్ణుంచి ప్రతి ఫోటోలోనూ అంతే. 'కలిసే ఉండె మేడమ్' అన్న మాట అప్పుడు మళ్ళీ నా చెవిలో పడింది.

"గీత రాసింది ఎవరు? ఫోటో దీసింది ఎవరు?" అన్నాడు ఉపేందర్, చాలా మెల్లగా. ఆ ప్రశ్న అతను నన్నడగలేదు.

కావ్య బెంచీ మీద కూర్చుంది. తల్లి ఆమె భుజం మీద చేయి వేసి, ఏందంట బిడ్డా అని అడుగుతోంది. నేను కావ్యకు చేయి అడ్డంపెట్టి, ఏమీ చెప్పకు, వకీలు వచ్చేదాకా నోరు విప్పకు అన్నాను. ఆమె నా చేతిని పక్కకు జరిపింది.

"రెండో కట్టు విప్పినప్పుడే తెలిసింది సార్. బొప్పాయి పాల వాసన నాకు తెల్వదా? ఆ ఇంట్లనే పెరిగిన. మాంసంల ఆ పాలు కలిపేది చిన్నప్పుడు నేనే."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే బాపును కంపెనీ తీసేస్తది. ఇగ నేను ఏ మొహం పెట్టుకొని పోత ఆ ఇంటికి? ఆయన నా కోసమే పెట్టుకుంటున్నడని ఎర్కయింది. నాకు సంబురమైంది సార్." ఆ మాట అన్నాక థియేటరు తలుపు వైపు చూసింది. "మంచిగ కడిగి మా కట్టు ఏసిన. మాంసం తినే ఎంజైములను మా కట్టు ఆపుతదని ట్రైనింగ్‌ల చెప్పిన్రు. బాపు ఎంత పెట్టినా కట్టు గుంజుకుంటదిలే అనుకున్న. పుండు పెద్దగైతుంటె, ఇంకో కట్టుకు తగ్గుతదేమో, ఇంకో కట్టుకు తగ్గుతదేమోనని చూసిన."

రాజశ్రీ పొద్దున ఫోనులో చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. జింకుతో పనిలేనిదాన్ని ఆ కట్టు ఆపలేదు. ఈ పిల్లకు ఎవరూ ఆ ముక్క చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఎవరికి తోస్తుంది? పుండులో బొప్పాయి పాలు పెట్టుకునే మనిషి ఒకడుంటాడని ఏ కంపెనీ అనుకుంటుంది? తండ్రి గోరంతే కదా అనుకున్నాడు, కూతురు కట్టు ఉంది కదా అనుకుంది. ఇద్దరూ కలిసి మూడు రోజులకోసారి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఆ కాలును తినేశారు.

ఉపేందర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. గెలిచినందుకు అతని మొహంలో సంతోషమేమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. డ్యూటీలో ఉన్న నర్సు, తెలిసి తెలిసి దాచింది, మనిషి చచ్చిపోతే సెక్షను కూడా మారుతుంది, నేను చేసేదేం లేదు మేడమ్ అన్నాడు. నాకు అతని మీద అరవాలనిపించింది. పొద్దున అతని చేతిలో ఉన్నది ఒట్టి అనుమానం. వకీలు గట్టివాడైతే వారం తిరక్కుండా బెయిలు వచ్చేది. సిరా గీతల సంగతి చెప్పి, ఆ ఫోటోలు చూసేలా చేసింది నేను. కావ్యను ఇక్కడికి తెమ్మన్నదీ నేనే.

వెంకటనర్సమ్మకు అప్పటికి అంతా అర్థమైంది. కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. కొంగు తీసి ఆమె మొహం తుడుస్తూ కూర్చుంది, అక్కడ తుడవాల్సిన కన్నీళ్ళేమీ లేకపోయినా.

థియేటరు తలుపు తెరుచుకుంది. ముందు డాక్టరు వచ్చాడు. పేషంటు మత్తు నుంచి ఇంకా లేవలేదు, బీపీ నిలబడటం లేదు, లేస్తాడన్న నమ్మకం పెట్టుకోవద్దు అని నాతో చెప్పి, నేను ఆ ఇంటి మనిషిని కాదని తెలిసి, తల్లి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. అతని వెనకాలే వార్డుబాయ్ వచ్చాడు. రెండు చేతుల మీదా ఆకుపచ్చ గుడ్డ చుట్టిన పొడవాటి మూట ఉంది.

"మొగిలయ్య మనుషులు ఎవరున్నరు? కాలు తీస్కపోయి బొంద పెట్టుకోవాలె. దగ్గరోళ్ళకే ఇస్తం," అన్నాడు.

వెంకటనర్సమ్మ సగం లేచి, మళ్ళీ బెంచీ మీదే కూర్చుంది. వార్డుబాయ్ ఇంకోసారి అడిగాడు, పేషంటుకు ఏమవుతారో చెప్పాలన్నాడు. కావ్య లేచింది. లేడీ కానిస్టేబుల్ ఆమె మణికట్టు పట్టుకుంది.

"నేనున్న," అంది కావ్య. "బిడ్డను."

కానిస్టేబుల్ ఎస్సై వైపు చూసింది. అతను ఆ మూట వంక చూసి, వదలమన్నట్టు చేయి ఊపాడు. పూడ్చిపెట్టేదాకా తను వెంట ఉంటానని, అక్కణ్ణుంచి అటే స్టేషన్‌కని చెప్పాడు. కావ్య మూట అందుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పొదువుకుంది. అంచు జారిన చోట, పాదం పక్క చర్మం మీద, ఆమె రాసిన తేదీలో సగం అంకెలు ఇంకా చెరగకుండా ఉన్నాయి. ఆమె గుడ్డ సర్ది వాటిని కప్పింది.

నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఇద్దరిలో ఒక్కరినన్నా మిగల్చమని పొద్దున నన్నడిగిన మనిషి, ఇప్పుడు నా వైపు తిరిగైనా చూడకుండా, గోడ పట్టుకుని కూతురి వెనకాలే మెట్లు దిగింది.